బిడ్డ తొలి నిమిషానికి లెక్క కట్టిన డాక్టరమ్మ వర్జీనియా అప్గార్

ఆసుపత్రిలో పురుడు జరిగితే కేసు షీటులో బిడ్డ బరువు, పుట్టిన టైము రాస్తారు. వాటి పక్కనే ఇంకో రెండు అంకెలు ఉంటాయి. 7, 9 అనో, 4, 8 అనో. ఆ అంకెల ముందు 'అప్గార్' అని ఉంటుంది. చూసినవాళ్ళు అదేదో వైద్య భాషలో మాట అనుకుని ఊరుకుంటారు. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆమె అమెరికా డాక్టరు, పూర్తి పేరు వర్జీనియా అప్గార్. చనిపోయి యాభై ఏళ్ళు దాటింది. అయినా పలాసలో పుట్టిన బిడ్డకైనా, పారిస్‌లో పుట్టిన బిడ్డకైనా అమ్మానాన్నలు పేరు పెట్టకముందే ఆమె పేరు మీద మార్కులు పడిపోతాయి.

పుట్టిన బిడ్డ ఊపిరి తీస్తోందా లేదా అన్నది చూడటానికి ఒక పద్ధతి నేర్పింది ఆమే. ఇవాళ నెలలు నిండని బిడ్డలను ఐసీయూలో పెట్టి గొట్టాలతో, మిషన్లతో ఊపిరి నిలబెడుతున్నారంటే, ఆ దారికి మొదట్లో దీపం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు.

రోగాలు చూసిన ఇల్లు

వర్జీనియా 1909 జూన్ 7న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి చార్లెస్ ఎమరీ అప్గార్‌ది ఇన్సూరెన్స్ ఉద్యోగం. మనసు మాత్రం రేడియో మీదా, నక్షత్రాల మీదా. ఇంట్లోనే యంత్రాలు తయారు చేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో, ఒక వైర్‌లెస్ కేంద్రం నుంచి జర్మనీకి వెళ్తున్న రహస్య సంకేతాలను ఇంట్లో కూర్చునే రికార్డు చేసి పట్టించారు. ఏదైనా పాడైతే విప్పి చూడటం, పనిచేసేదాకా వదలకపోవటం కూతురికి ఆయన దగ్గరే అబ్బాయి.

ఆ ఇంట్లో జబ్బులు కూడా ఉన్నాయి. ఒక అన్న చిన్నతనంలోనే క్షయతో చనిపోయాడు. ఇంకో అన్న ఎప్పుడూ ఏదో అనారోగ్యంతో ఉండేవాడు. ఆమె డాక్టరు కావాలనుకోవటానికి ఇదే కారణమని చాలామంది అంటారు. ఇంట్లో అందరికీ సంగీతం ఉండేది. ఆమె చిన్నప్పుడే వయోలిన్ పట్టారు, చివరిదాకా దించలేదు.

చదువు సుఖంగా సాగలేదు. మౌంట్ హోల్యోక్ కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు స్కాలర్‌షిప్పులతో పాటు చిన్నా చితకా పనులు చేసుకుని నెట్టుకొచ్చారు. కాలేజీ ల్యాబు కోసం వీధి పిల్లుల్ని పట్టి తెచ్చే పని కూడా అందులో ఒకటి. 1929లో డిగ్రీ పూర్తి చేసి అదే ఏడాది న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో చేరారు. చేరిన కొద్ది వారాలకే అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. అప్పులు చేసి చదివి, 1933లో క్లాసులో నాలుగో ర్యాంకుతో బయటికొచ్చారు. చేతిలో పట్టా ఉంది, నెత్తిన దాదాపు 4,000 డాలర్ల అప్పూ ఉంది.

సర్జరీ నుంచి మత్తు వైపు

ఆమెకు సర్జన్ కావాలని ఉండేది. ఆ శిక్షణలో చేరి బాగానే పని చేశారు కూడా. అయితే అక్కడి సర్జరీ విభాగం పెద్ద అలెన్ విపుల్ ఆమెను పిలిచి, దారి మార్చుకోమని చెప్పారు. ఆ కష్టకాలంలో మగ సర్జన్లకే రోగులు దొరకటం లేదు, ఆడ సర్జన్ దగ్గరికి ఎవరొస్తారన్నది ఒక లెక్క. మత్తు ఇచ్చే విద్య బాగుపడకపోతే సర్జరీ కూడా ముందుకు పోదన్నది ఆయన రెండో లెక్క. అప్పట్లో మత్తు ఇవ్వటాన్ని డాక్టర్లు పెద్ద పనిగా చూసేవారు కాదు, ఎక్కువగా నర్సులే చేసేవారు. ఆమె మనసు చిన్నబుచ్చుకున్నా, ఆ మాట విన్నారు.

ఈ విద్యకు మన హైదరాబాద్‌తో కూడా పాత సంబంధం ఉంది. 1888, 1889 సంవత్సరాల్లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు మీద హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపించారు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు కూడా వచ్చారు. మత్తులో గుండె కంటే ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరి మీదే కన్ను పెట్టాలని కమిషన్ తేల్చింది. గుండె కూడా ముందుగా ఆగిపోవచ్చని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండమన్న పాఠం మాత్రం నిలిచింది. హైదరాబాద్‌లోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో క్లోరోఫాం ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరు.

అప్గార్ 1937లో మాడిసన్ నగరంలో రాల్ఫ్ వాటర్స్ దగ్గర, ఆ తర్వాత న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొందారు. ఆడ డాక్టర్లకంటూ వసతి లేదు, దొరికిన చోట సర్దుకున్నారు. 1938లో తన ఆసుపత్రికి తిరిగొచ్చి మత్తు విభాగానికి అధిపతి అయ్యారు. ఆ ఆసుపత్రిలో ఒక విభాగాన్ని నడిపిన మొదటి మహిళ ఆమే. మొదట్లో పని కొండంత, మనుషులు తక్కువ, జీతం అంతంత మాత్రం. పదకొండేళ్ళు ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1949లో అది పూర్తి స్థాయి డిపార్ట్‌మెంట్ అయినప్పుడు ఆ కుర్చీ మాత్రం ఆమెకు రాలేదు. ఇమ్మాన్యుయేల్ పాపర్ అనే డాక్టరును తెచ్చి కూర్చోబెట్టారు. ఆమెకు ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. ఆ కాలేజీలో పూర్తి ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆమే గానీ, కట్టిన ఇల్లు మాత్రం చేజారింది.

ఆ తర్వాత ఆమె పురిటి గది వైపు నడిచారు. మత్తు డాక్టర్లు అటు పెద్దగా చూసేవారు కాదు. లోకానికి ఆమె చేసిన మేలంతా అక్కడే మొదలైంది.

ఎవరూ చూడని ఆ ఒక్క నిమిషం

అప్పటి సంగతి ఒకటి ఆలోచించాలి. అమెరికాలో ఏడాది లోపు బిడ్డల మరణాలు ఏటేటా తగ్గుతున్నాయి. పుట్టిన 24 గంటల్లోపు మరణాలు మాత్రం తగ్గటం లేదు. కారణం చూస్తే, బిడ్డ పుట్టగానే అందరి కళ్ళూ తల్లి మీద ఉండేవి. బిడ్డను పక్కకి ఇచ్చేసేవారు. నీలంగా ఉన్న బిడ్డనో, ఏడవని బిడ్డనో, నెలలు నిండక చేతిలో ఇమిడిపోయే బిడ్డనో చూసి ఇది దక్కదులే అనుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఎంత బాగోలేదు, ఎప్పుడు చెయ్యి వేయాలి అన్నదానికి ఒక కొలత లేదు. ఒక డాక్టరు ఫర్వాలేదన్న బిడ్డను చూసి ఇంకో డాక్టరు ప్రమాదం అనేవాడు.

1949లో ఒకరోజు ఆసుపత్రి క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తుండగా ఒక విద్యార్థి, పుట్టిన బిడ్డ ఎలా ఉందో అంచనా వేసేది ఎట్లా అని ఆమెను అడిగాడట. ఆమె చేతికందిన కాగితం ముక్క మీద ఐదు గుర్తులు రాసి, అక్కడినుంచి లేచి నేరుగా పురిటి గదికి పోయి పరీక్షించటం మొదలుపెట్టారని చెబుతారు.

ఆ ఐదూ ఇవి. గుండె కొట్టుకునే వేగం, ఊపిరి తీసే ప్రయత్నం, కండరాల బిగువు, తాకినప్పుడు స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. మొత్తం 10. గుండె నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటే 2, అంతకన్నా తక్కువైతే 1, అసలు లేకపోతే 0. గట్టిగా ఏడిస్తే ఊపిరికి 2, ఎగశ్వాసలా ఆగి ఆగి తీస్తే 1. కాళ్ళూ చేతులూ ఆడిస్తే 2, కొంచెం ముడుచుకుని ఉంటే 1, గుడ్డపేలికలా వేలాడితే 0. ముక్కులో గొట్టం పెడితే తుమ్మినా, దగ్గినా 2, ముఖం చిట్లిస్తే 1. ఒళ్ళంతా గులాబీ రంగైతే 2, ఒళ్ళు బాగుండి కాళ్ళూ చేతులూ నీలంగా ఉంటే 1.

ఇందులో మిషన్ లేదు, రక్త పరీక్ష లేదు. చూడటానికి కళ్ళు, వినటానికి చెవులు, ఒక స్టెతస్కోపు, ఒక గడియారం చాలు. బిడ్డ పుట్టిన సరిగ్గా ఒక నిమిషానికి చూసి అంకె వేయాలి. ఆ అంకె వేసేది పురుడు పోసిన డాక్టరు కాకూడదని ఆమె పట్టుబట్టారు. తన చేత్తో తీసిన బిడ్డకు ఎవరైనా నాలుగు మార్కులు ఎక్కువే వేస్తారని ఆమెకు తెలుసు.

1952లో ఈ పద్ధతిని డాక్టర్ల సభలో చెప్పారు. 1953లో అచ్చయింది. అందులో 1,021 మంది బిడ్డల లెక్క ఉంది. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో 0 నుంచి 2 మార్కులు వచ్చినవాళ్ళలో నూటికి 14 మంది చనిపోయారు. 3 నుంచి 7 వచ్చినవాళ్ళలో నూటికి 1.1, 8 నుంచి 10 వచ్చినవాళ్ళలో నూటికి 0.13 మాత్రమే. అంకెకూ ప్రాణానికీ సంబంధం ఉందని తేలిపోయింది. ఐదో నిమిషంలో మళ్ళీ చూసే అలవాటు తర్వాత వచ్చింది. 12 సంస్థల్లో 17,221 మంది బిడ్డలను గమనించి చూస్తే, ఆ ఐదో నిమిషం అంకె ఇంకా బాగా దారి చూపుతుందని రుజువైంది.

ఒంటి రంగు అనే గుర్తు మీద ఆమెకే నమ్మకం తక్కువ. ఐదింటిలో అదే తృప్తి లేనిదని మొదటి వ్యాసంలోనే ఒప్పుకున్నారు. మనలాంటి చామనచాయ, నల్లని ఒళ్ళున్న బిడ్డల విషయంలో ఇది మరీ నిజం. అంచేత ఇప్పుడు నాలుక, పెదాల లోపలి వైపు చూస్తారు. వసతి ఉన్నచోట బిడ్డ కుడి చేతికి పల్స్ ఆక్సీమీటర్ కడతారు.

ఇష్టమైన మత్తును వదిలేసిన రోజు

అంకెతో ఆమె ఆగలేదు. మార్కు తక్కువ వచ్చిన బిడ్డ ఒంట్లో ఏం జరుగుతోందని వెతికారు. డంకన్ హాలడే, స్టాన్లీ జేమ్స్ అనే డాక్టర్లతో కలిసి బొడ్డుతాడు రక్తంలో ఆక్సిజన్, ఆమ్లం కొలిచారు. పుట్టిన బిడ్డకు ఆక్సిజన్ కాస్త తక్కువగా ఉండటం మామూలేనని అప్పటిదాకా అనుకునేవారు. అది మామూలు కాదు, బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతోందని, వెంటనే ఊపిరి అందించాలని వాళ్ళ లెక్కలు చెప్పాయి.

అదే లెక్కలు ఇంకో చేదు నిజం కూడా చెప్పాయి. కాన్పులో తల్లికి సైక్లోప్రొపేన్ అనే మత్తు వాయువు ఇస్తే బిడ్డలు నీరసంగా పుడుతున్నారు. వెన్నులో ఇంజెక్షన్‌తో మొద్దుబార్చిన తల్లుల బిడ్డలు హుషారుగా ఉంటున్నారు. సైక్లోప్రొపేన్ ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన మత్తు, ఏళ్ళ తరబడి వాడినది. లెక్క కళ్ళ ముందు పెట్టాక దాన్ని వదిలేశారు. బిడ్డ పొట్టలోకి ఆక్సిజన్ పంపితే బతుకుతుందని నమ్మే పద్ధతి ఒకటి ఆ రోజుల్లో ఉండేది. దానివల్ల లాభం లేదని కూడా వాళ్ళ బృందమే తేల్చింది. గాలి వెళ్ళాల్సింది ఊపిరితిత్తుల్లోకి, అందుకు గొంతు దారి తెరిచి ఉండాలి. మత్తు డాక్టరుగా ఆమె జీవితమంతా చేసిన పని అదే.

ఆమె చేతి సంచిలో ఎప్పుడూ చిన్న కత్తి, గొంతులో పెట్టే గొట్టం, గొంతు చూసే పరికరం ఉండేవట. రోడ్డు మీదైనా సరే, తన కళ్ళ ముందు ఎవరి ఊపిరీ ఆగకూడదని ఆమె పట్టుదల.

నెలలు నిండని బిడ్డల కథ

1959లో ఆమె జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థలో చేరారు. అప్పటికి వయసు యాభై. పుట్టుకతో వచ్చే లోపాల విభాగాన్ని చూసేవారు. ఊరూరా తిరిగి తల్లులతో మాట్లాడారు. 1964, 65లలో అమెరికాలో రుబెల్లా వ్యాపించినప్పుడు టీకా అవసరం గురించి గట్టిగా చెప్పారు. తల్లీబిడ్డల రక్తం పొసగక వచ్చే ఆర్‌హెచ్ సమస్యకు పరీక్షలు చేయించుకోమని చెప్పారు. 1972లో జోన్ బెక్‌తో కలిసి తల్లిదండ్రుల కోసం పుస్తకం రాశారు.

ఆమె బతికుండగానే నెలలు నిండని బిడ్డల వైద్యం మలుపు తిరిగింది. ఊపిరితిత్తుల లోపలి గాలి గదులు అంటుకుపోకుండా ఉంచే ఒక జిడ్డు పదార్థం ఈ బిడ్డల్లో చాలదని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ కనిపెట్టారు. దాని పేరు సర్ఫాక్టెంట్. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజులు కూడా నిండకుండా చనిపోయాడు. దేశాధ్యక్షుడి బిడ్డకే ఊపిరి అందించలేకపోయిన రోజులవి. 1971లో జార్జ్ గ్రెగరీ అనే మత్తు డాక్టరు బిడ్డ ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఆగకుండా కొంచెం ఒత్తిడితో గాలి పంపే సీపాప్ పద్ధతి చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా సర్ఫాక్టెంట్‌నే గొట్టం ద్వారా బిడ్డ గొంతులో పోసి ఫలితం చూపారు. 1987లో షికాగోలో ఆ మందును పరీక్షించి చూపినవాళ్ళలో ఉస్మానియా మెడికల్ కాలేజీ నుంచి వెళ్ళిన ధర్మపురి విద్యాసాగర్ ఒకరు.

ఇప్పటి ఐసీయూలో కిలో బరువు బిడ్డ గొంతులో పెట్టే గొట్టం లోపలి వెడల్పు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. పెదవి దగ్గర 7 సెంటీమీటర్ల గుర్తు ఉండేలా చూస్తారు. ఒక్క సెంటీమీటరు లోపలికి జారితే గాలి ఒక్క ఊపిరితిత్తికే పోతుంది, బయటికి జారితే అసలే పోదు. చిటికెడు కఫం చాలు, దారి మూసుకుపోవటానికి. అందుకే మెడ మరీ వంగకుండా, మరీ వెనక్కి వాలకుండా భుజాల కింద చిన్న గుడ్డ మడత పెడతారు. గాలిని వెచ్చబెట్టి, తేమ కలిపి పంపుతారు. ఆక్సిజన్ ఎక్కువైతే కళ్ళు దెబ్బతింటాయి కాబట్టి దాన్నీ కొలిచి ఇస్తారు. నర్సు గంట గంటకూ చూడాల్సిందే.

ఉద్దానం తల్లులకు ఎందుకు ముఖ్యం

కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టి పీడిస్తోందో అందరికీ తెలుసు. కిడ్నీ జబ్బు, దానితో పాటు బీపీ ఉన్న తల్లికి నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువ. పూండి నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో బయల్దేరితే పలాస, టెక్కలి దాటి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరటానికి డెబ్బై కిలోమీటర్లకు పైగా రోడ్డు. పురుటి నొప్పులకు ఆ దూరం తెలియదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని కొట్టినప్పుడు కరెంటు స్తంభాలు కూలి ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వెంటిలేటర్‌కు కరెంటు కావాలి. అప్గార్ రాసిచ్చిన ఐదు గుర్తుల్లో ఒక్కదానికీ కరెంటు అక్కర్లేదు. ఏడవని బిడ్డను తుడిచి, వెచ్చగా ఉంచి, గొంతు సరిచేసి, చేత్తో నొక్కే బ్యాగు, మాస్కుతో ఊపిరి ఇవ్వటానికీ అక్కర్లేదు. 2009 నుంచి మన దేశంలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద పురుడు పోసే సిబ్బందికి నేర్పుతున్నది ఇదే. అయితే ఊపిరి లేని బిడ్డకు మార్కులు వేయటం కోసం నిమిషం దాకా ఆగరు, వెంటనే పని మొదలుపెడతారు. 34 వారాల లోపే నొప్పులు వస్తే తల్లికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ ఇచ్చి పంపితే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇవ్వొచ్చని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడో నెలలో నొప్పులు వస్తే ఇంటి దగ్గర కాలయాపన చేయకూడదనేది ఇందుకే.

ఇంకో మాట. నెలలు నిండని బిడ్డకు ఒంట్లో బిగువు సహజంగానే తక్కువ, అందుకే మార్కు కూడా తక్కువ వస్తుంది. మొదటి నిమిషం 4 వచ్చి ఐదో నిమిషానికి 8కి చేరిన బిడ్డలు ఎందరో. ఆ అంకె బిడ్డ తెలివికి కొలత కాదు. పెద్దయ్యాక ఎలా ఉంటాడో అది చెప్పదు. ఇప్పుడు సాయం కావాలా, ఇచ్చిన సాయం పనిచేసిందా అన్నంత వరకే దాని పని.

వాయిద్యాలు చేసిన చేతులు

అప్గార్ పెళ్ళి చేసుకోలేదు. పనే లోకం అనుకుంటే పొరపాటు. చేపలు పట్టేవారు, స్టాంపులు సేకరించేవారు, యాభై దాటాక విమానం నడపటం నేర్చుకున్నారు. ఆపరేషన్‌కు వచ్చిన కార్లీన్ హచిన్స్ అనే వాయిద్యాల తయారీదారుతో స్నేహం కుదిరి, ఆమె దగ్గర నాలుగు తీగ వాయిద్యాలు స్వయంగా తయారు చేశారు. ఆసుపత్రి టెలిఫోన్ గదిలోని ఒక చెక్క బల్ల వాయిద్యానికి సరిగ్గా సరిపోతుందని చూసి, ఇద్దరూ కలిసి రాత్రిపూట దాన్ని ఊడదీసి, బదులు ఇంకో బల్ల బిగించారన్న కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1960ల మొదట్లో డెన్వర్‌కు చెందిన జోసెఫ్ బటర్‌ఫీల్డ్ అనే పిల్లల డాక్టరు ఆమె పేరులోని ఐదు ఇంగ్లిష్ అక్షరాలకు ఐదు గుర్తులూ సరిపోయేలా మాటలు కూర్చారు. విద్యార్థులు ఇప్పటికీ అలాగే గుర్తుపెట్టుకుంటారు. అందుకే అప్గార్ అంటే మనిషి పేరని చాలామంది డాక్టర్లు కూడా మర్చిపోయారు.

1974 ఆగస్టు 7న, 65 ఏళ్ళ వయసులో, తాను ఏళ్ళ తరబడి పనిచేసిన ఆసుపత్రిలోనే ఆమె కన్నుమూశారు. లివర్ జబ్బు ఆమెను తీసుకుపోయింది. 1994 అక్టోబరు 24న అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో 20 సెంట్ల స్టాంపు విడుదల చేసింది. స్టాంపులు పోగేసిన మనిషి స్టాంపు మీదికెక్కారు. ఆ సభలో పిల్లల డాక్టర్లు ఆమె చేత్తో చేసిన వాయిద్యాలనే వాయించారు.

ఈసారి ఎవరింట్లోనైనా పురుడు జరిగితే, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగాక, ఐదో నిమిషం అంకె ఎంతని కూడా ఒకసారి అడిగి తెలుసుకోవచ్చు.